మూడు తెరల మీద రేసింగ్: ముందు మానిటర్లా, గ్రాఫిక్స్ కార్డా?

ప్రశ్న: నా దగ్గర 27 అంగుళాల 1440పీ, 165 హెర్ట్జ్ ఐపీఎస్ మానిటర్ ఉంది. ప్రాసెసర్ రైజెన్ 5 5600, కార్డు 12 జీబీ ఆర్‌టీఎక్స్ 3060, పవర్ సప్లై 550 వాట్లు. ఎక్కువగా అసెట్టో కోర్సా, ఐరేసింగ్ అనే రేసింగ్ ఆటలు ఆడతాను. అప్పుడప్పుడు స్నేహితులతో వాలరెంట్ అనే షూటింగ్ ఆట. మూడు తెరలు పెట్టుకోవాలని ఉంది. పాత 24 అంగుళాల 1080పీ, 60 హెర్ట్జ్ మానిటర్ ఒకటి ఖాళీగా ఉంది, దాన్ని ఒక పక్కన వాడుకోవచ్చా? ఇంకో 3060 తెచ్చి జత చేస్తే పని జరుగుతుందా? లేక ఇదంతా మానేసి ఒకే పెద్ద అల్ట్రావైడ్ (బాగా వెడల్పాటి మానిటర్) కొనాలా? ఉన్న డబ్బుతో ముందు ఏది కొనాలి?

జవాబు: ముందు తేలికైన రెండూ చెప్పేస్తాం. రెండో 3060 కొనకండి. రెండు కార్డులను కలిపి నడిపే ఎస్‌ఎల్‌ఐ కనెక్టరే 3060 మీద లేదు. ఆ కనెక్టర్ ఉన్న కార్డులకు కూడా తయారీ సంస్థ ఎన్విడియా 2021 నుంచి కొత్త ఆటల ప్రొఫైళ్లు (ఆట రెండు కార్డులనూ వాడుకునేలా చేసే సెట్టింగులు) ఇవ్వడం ఆపేసింది. రెండో కార్డుకు పక్క మానిటర్లు తగిలించి నడిపిద్దామన్నా కుదరదు, మూడు తెరలూ ఒకే కార్డు నుంచి రావాలి.

పాత 24 అంగుళాల మానిటర్‌ను కూడా ఆట తెరగా లెక్కలోంచి తీసేయండి. ఎన్విడియా సరౌండ్ చేసే పని మూడు మానిటర్లను కలిపి విండోస్‌కు ఒకే వెడల్పాటి తెరగా చూపించడం. మూడు 1440పీ (ఒక్కోటి 2560 × 1440 పిక్సెళ్లు) తెరలైతే 7680 × 1440. అలా కలపాలంటే మూడింటి రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు (తెర సెకనుకు ఎన్నిసార్లు మారుతుందో చెప్పే హెర్ట్జ్ అంకె) ఒకటే కావాలి. ఒక పక్క 1080పీ 60 హెర్ట్జ్ పెడితే మిగతా రెండూ దాని స్థాయికి దిగాల్సిందే. అంటే మీ మంచి మానిటర్ కూడా 1080పీ 60కి పడిపోతుంది. పైగా 27 అంగుళాల తెర ఎత్తు 33.6 సెం.మీ., 24 అంగుళాలది 30 సెం.మీ. లోపు. ట్రాక్ అంచు గీత ఒక తెర నుంచి పక్క తెరకు వెళ్లేచోట మెట్టులా విరిగి కనబడుతుంది, రేసులో కళ్లు దాన్ని పట్టుకుని వదలవు. ఆ పాత మానిటర్‌ను నాలుగోదిగా వాడుకోండి. మీ 3060 మీద సాధారణంగా మూడు డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి. మూడు పోర్టులు ఆటకు, హెచ్‌డీఎంఐ పాత మానిటర్‌కు. సరౌండ్‌లో మూడు తెరలతో పాటు ఒకదాన్ని విడిగా ఉంచుకునే వీలుంది. లాప్ టైములు, చాట్ అక్కడ పెట్టుకోవచ్చు.

ఇక అసలు సంగతి. కార్డు సరిపోతుందా అనేది ఊహించాల్సిన పని లేదు, మానిటర్లు కొనకముందే మీ టేబుల్ మీదే తేల్చుకోవచ్చు. ఒక 1440పీ తెరలో 36.9 లక్షల పిక్సెళ్లు. మూడింటిలో 1 కోటి 10 లక్షల 59 వేలు. ఒక 4కే తెరలో ఉండేవి 83 లక్షలే, కాబట్టి మీరు వెళ్లబోయేది 4కే కంటే బరువైన చోటికి. ఈ భారాన్ని ఒకే మానిటర్ మీద పుట్టించడానికి ఎన్విడియా కంట్రోల్ ప్యానెల్‌లో డీఎస్‌ఆర్ అనే సదుపాయం ఉంది. మేనేజ్ 3డీ సెట్టింగ్స్‌లోకి వెళ్లి డీఎస్‌ఆర్ ఫ్యాక్టర్స్‌లో 3.00ఎక్స్‌ను టిక్ చేయండి. ఆటలో కొత్త రిజల్యూషన్ ఒకటి కనిపిస్తుంది, సుమారు 4434 × 2494. అది సరిగ్గా మీ తెరకు మూడింతల పిక్సెళ్లు, అంటే మూడు మానిటర్ల భారం. దాంతో ఆడి చూడండి.

ఈ పరీక్ష ఖాళీ ట్రాక్ మీద చేస్తే లాభం లేదు. కార్లన్నీ నింపిన రేసులో చివరి స్థానం నుంచి మొదలుపెట్టండి. ముందున్న కార్లన్నీ ఒకేసారి తెర మీద ఉండే ఆ మొదటి నిమిషమే అన్నిటికంటే బరువైంది. అద్దాలు ఆన్‌లో ఉంచండి, ఎందుకంటే ఒక్కో అద్దం కోసం దృశ్యాన్ని మళ్లీ గీయాలి. ఆ మొదటి నిమిషంలో సెకనుకు 80–90 ఫ్రేములు నిలబడితే కార్డు ప్రస్తుతానికి చాలు. 60–80 మధ్య ఉంటే నీడలు, అద్దాల నాణ్యత, జనం, గడ్డి తగ్గించి మళ్లీ చూడండి. అన్నీ తగ్గించినా 60 దిగువే ఉంటే కార్డు మార్చక తప్పదు. ఒక హెచ్చరిక: డీఎస్‌ఆర్ పిక్సెళ్లను పెంచుతుంది గానీ చూపు వెడల్పును పెంచదు. నిజంగా మూడు తెరలు పెట్టాక పక్కన ఉన్న కార్లు, చెట్లు, స్టాండ్లు కూడా గీయాలి, ఆ పని కార్డుతో పాటు ప్రాసెసర్ మీదా పడుతుంది. పరీక్షలో వచ్చిన అంకె కంటే అసలులో కొంత తగ్గుతుందనే లెక్కలో ఉండండి.

మీ రెండు ఆటల విషయంలో మాకు నమ్మకం ఉంది. ఐరేసింగ్ 2008 నాటిది, అసెట్టో కోర్సా 2014 నాటిది. రెండూ కాలంతో పాటు మెరుగుపడినా కొత్త తరం భారీ ఆటలంత బరువు కావు. 12 జీబీ మెమరీ కూడా ఇక్కడ మీకు కలిసొస్తుంది. అందుకే మా సలహా: పరీక్ష మరీ ఘోరంగా రాకపోతే ముందు మానిటర్లు, తర్వాత కార్డు. రెండు అదనపు తెరలు ఇచ్చే మార్పు ఏ కార్డూ ఒక తెర మీద ఇవ్వలేదు. కార్డులకు తరం మారేకొద్దీ విలువ పడిపోతుంది, మంచి మానిటర్ రెండు మూడు కార్డుల కాలం నిలుస్తుంది.

మానిటర్లు కొనేటప్పుడు ఇప్పుడున్న మోడలే దొరికితే దాన్నే తీసుకోండి. పేరు దగ్గరగా ఉండటం కాదు, వెనక లేబుల్ మీది మోడల్ నంబరు అక్షరం అక్షరం కలవాలి. ఒకే పేరు మీద ప్యానెల్ మార్చేసి అమ్మే సందర్భాలున్నాయి. చివర ఒక్క అక్షరం తేడా ఉన్నా కలర్ టోన్, గరిష్ఠ ప్రకాశం వేరవుతాయి. రెండు కొత్తవీ ఒకేసారి, ఒకే చోట కొనండి. తర్వాత మీ పాతది మధ్యలో, కొత్తవి రెండూ పక్కల పెట్టండి. వాడిన మానిటర్ బ్యాక్‌లైట్ కొంత మసకబారి ఉంటుంది. అది ఒక పక్కన ఉంటే ఎడమ కుడి తేడాగా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, మధ్యలో ఉంటే కన్ను సర్దుకుంటుంది. మూడింటిలోనూ ఒక తెల్ల పేజీ తెరిచి, ఎక్కువ వెలుగున్న వాటిని తక్కువ వెలుగున్న దాని స్థాయికి దించండి. పెంచి కలపాలని చూస్తే ఎప్పటికీ కలవవు.

మీ మోడల్ ఇప్పుడు రావడం లేదనుకోండి. అప్పుడు సైజు, రిజల్యూషన్, రిఫ్రెష్ రేటు మూడూ కలిసే ఐపీఎస్ జత వెతకండి. పక్క తెరలకు ఐపీఎస్ ఎందుకంటే వాటిని మీరు ఎప్పుడూ ఓరగానే చూస్తారు. టీఎన్ ప్యానెల్‌లో ఆ కోణంలో రంగులు మారిపోతాయి. వీఏ ప్యానెల్‌లో నలుపు బాగుంటుంది గానీ, చాలావాటిలో చీకటి రంగులు మారేటప్పుడు వెనక మసక తోక వస్తుంది. రాత్రి రేసులో పక్క నుంచి చెట్లు దూసుకుపోతుంటే అది బాగా తెలుస్తుంది. కర్వ్‌డ్ మానిటర్లు మూడింటికి మేం సిఫారసు చేయం. ఆటలు లెక్క వేసేది తెర చదునుగా ఉందనే.

ఇప్పుడు చాలామంది తప్పుచేసే చోటికి వద్దాం. మూడు తెరలు తెచ్చి, టేబుల్ మీద దాదాపు ఒకే వరుసలో పెట్టి, ఆటలో 7680 × 1440 ఎంచుకుని మొదలుపెడతారు. పక్క తెరల్లో కార్లు రబ్బరులా సాగిపోయి కనిపిస్తాయి. ఇది కార్డు లోపం కాదు. ఆట మామూలుగా దృశ్యాన్ని ఒకే చదునైన తలం మీదకు దించుతుంది. చూపు మధ్య నుంచి 60 డిగ్రీలు పక్కకు వెళ్లేసరికి, మధ్యలో ఒక డిగ్రీకి పట్టే వెడల్పు అక్కడ నాలుగింతలవుతుంది. ఇంకా పక్కకు వెళ్లేకొద్దీ ఇది అదుపు తప్పుతుంది. దీనికి మందు దృశ్యాన్ని మూడు వేర్వేరు కెమెరాలతో గీయడం: ఒక్కో తెరకు ఒక కెమెరా, ఆ తెర ఏ కోణంలో ఉందో ఆ కోణంలో. మీ అదృష్టం, మీరు ఆడే రెండు ఆటల్లోనూ ఈ ఏర్పాటు ఉంది. ఐరేసింగ్ గ్రాఫిక్స్ సెట్టింగుల్లో మూడు ప్రొజెక్షన్లతో గీయమనే ఎంపిక ఉంటుంది, అసెట్టో కోర్సా వీడియో సెట్టింగుల్లో రెండరింగ్ మోడ్‌ను ట్రిపుల్ స్క్రీన్‌కు మార్చాలి. ఆర్‌ఫ్యాక్టర్ 2 అనే మరో రేసింగ్ ఆటలో దీన్ని మల్టీవ్యూ అంటారు. విమానం నడిపే ఆట ఎక్స్-ప్లేన్‌లో ఒక్కో మానిటర్‌కు విడిగా కోణం ఇవ్వొచ్చు.

మూడు కెమెరాలంటే ప్రాసెసర్‌కు పని పెరుగుతుంది, ఒకే దృశ్యాన్ని మూడుసార్లు సిద్ధం చేయాలి. ఎన్విడియా 2016లో జీటీఎక్స్ 1080 తరంతో తెచ్చిన ఎస్‌ఎంపీ అనే పద్ధతి ఒకే విడతలో అనేక కోణాలు గీస్తుంది. ఐరేసింగ్ దాన్ని వాడుకుంటుంది, మీ 3060లోనూ అది ఉంది, మరచిపోకుండా ఆన్ చేయండి. ఎన్విడియా, ఏఎండీల మధ్య ఊగిసలాడే ఐరేసింగ్ ఆటగాళ్లు ఎన్విడియా వైపు మొగ్గడానికి ఇది గట్టి కారణం.

ఆ మూడు కెమెరాలు దృశ్యాన్ని సరిగ్గా చూపాలంటే మీరు ఇచ్చే కొలతలు నిజమై ఉండాలి. టేపు తీసుకుని కొలవండి. 27 అంగుళాల తెరలో వెలిగే భాగం వెడల్పు 59.8 సెం.మీ. కంటి నుంచి మధ్య తెరకు 60 సెం.మీ. దూరం ఉంటే, ఒక్కో తెర మీ చూపులో 53 డిగ్రీలు నింపుతుంది. పక్క తెరలను కూడా మధ్య తెరతో 53 డిగ్రీలు తిప్పితే మూడూ కంటికి సమాన దూరంలో ఉంటాయి, మొత్తం 159 డిగ్రీలు. దూరం 70 సెం.మీ. అయితే ఒక్కోటి 46 డిగ్రీలు, మొత్తం 139. రెండు డిగ్రీలు అటూ ఇటూ అయినా ఫర్వాలేదు గానీ, పెట్టిన కోణం ఒకటి, ఆటలో రాసిన కోణం ఇంకొకటి అయితే మలుపుల్లో రోడ్డు తెరల అతుకు దగ్గర వంగినట్టుంటుంది.

53 డిగ్రీల్లో మూడు తెరలు పట్టడానికి అడ్డంగా సుమారు 135 సెం.మీ. కావాలి. చదునుగా పెడితే 180 దాకా పట్టేది. కానీ పక్క తెరలు మీ వైపు దాదాపు 48 సెం.మీ. ముందుకు పొడుచుకొస్తాయి, స్టీరింగ్‌కు, మోచేతులకు అడ్డం పడతాయేమో ముందే అట్టముక్కలు నిలబెట్టి చూసుకోండి. మానిటర్ల సొంత స్టాండ్ల కాళ్లు ఒకదానికొకటి తగులుకుని అంచులు దగ్గరకు రానివ్వవు. మూడింటినీ మోసే స్టాండు గానీ, విడి చేతులు గానీ కావాలి. కొనే మానిటర్ వెనక స్టాండు బిగించడానికి 100 × 100 మి.మీ. వెసా ప్రమాణం రంధ్రాలు ఉన్నాయో లేదో చూడండి. స్టీరింగ్ బిగించిన టేబుల్‌కే తెరల స్టాండు బిగిస్తే ఫోర్స్ ఫీడ్‌బ్యాక్ (స్టీరింగ్ చేతికి ఇచ్చే కుదుపు) వచ్చినప్పుడల్లా పక్క తెరలు వణుకుతాయి. వీలైతే నేల మీద విడిగా నిలబడే స్టాండే తీసుకోండి.

ఎఫ్‌ఓవీ (ఆట తెర మీద చూపించే చూపు కోణం) విషయంలో ఒక మాట. అసెట్టో కోర్సాలో కనిపించే అంకె నిలువు కోణం. మీ తెర ఎత్తు 33.6, దూరం 60 సెం.మీ. కాబట్టి సరైన అంకె 31 డిగ్రీల దగ్గర. ఒక్క తెర మీద ఇది గొట్టంలోంచి చూసినట్టుంటుంది, అందుకే అందరూ 50 పెట్టుకుంటారు. మూడు తెరలు వచ్చాక ఆ అవసరం పోతుంది. 31 దగ్గర పెట్టండి, బ్రేకు వేయాల్సిన దూరం కంటికి సరిగ్గా అందుతుంది.

బెజెల్ (తెర చుట్టూ ఉండే అంచు) లెక్క కూడా ఇక్కడే తేల్చేద్దాం. సన్నటి అంచున్న మానిటర్‌లో కూడా వెలగని నల్ల గీతతో కలిపి ఒక్కో పక్క 8 మి.మీ. దాకా ఉంటుంది, రెండు తెరలు కలిసేచోట 16. మీ ప్యానెల్‌లో ఒక పిక్సెల్ 0.233 మి.మీ., కాబట్టి ఒక్కో అతుకు వెనక 69 పిక్సెళ్లు దాగాలి. సరౌండ్ అమర్చేటప్పుడు బెజెల్ కరెక్షన్‌లో ఇది ఇవ్వొచ్చు, అప్పుడు తెర 7818 × 1440 అవుతుంది. అయితే ఐరేసింగ్‌లోనూ మానిటర్ వెడల్పు, అంచుల కొలతలు అడుగుతారు. రెండు చోట్లా ఇస్తే రెండుసార్లు కోత పడుతుంది. సరౌండ్‌లో సున్నా ఉంచి, ఆటలో ఇవ్వండి.

కేబుళ్ల దగ్గర పిసినారితనం వద్దు. 1440పీ 165 హెర్ట్జ్‌కు సెకనుకు సుమారు 16.3 గిగాబిట్లు కావాలి. డిస్‌ప్లేపోర్ట్ 1.4 దాదాపు 25.9 మోస్తుంది, హాయిగా సరిపోతుంది. హెచ్‌డీఎంఐ 2.0 మోసేది 14.4 మాత్రమే, అంటే 144 దగ్గర ఆగుతుంది. ఒక మానిటర్‌ను హెచ్‌డీఎంఐ 2.0తో కలిపితే సరౌండ్‌లో మూడూ 144కి దిగుతాయి. అందుకే మూడూ డిస్‌ప్లేపోర్టే. వెసా సర్టిఫికెట్ ఉన్నవి, 2 మీటర్లకు మించనివి తీసుకోండి. నాసిరకం కేబుళ్లలో 20వ పిన్నును రెండు చివరలా కలిపేస్తారు, అది కలపకూడదు. మానిటర్ నుంచి కరెంటు కార్డులోకి ఎదురెక్కి, పీసీ ఆన్ కాకపోవడం, షట్‌డౌన్ అయ్యాక కూడా లైట్లు వెలుగుతుండటం లాంటి చిక్కులు వస్తాయి. ఒక పోర్టును మూడుగా చీల్చే హబ్బులు, చవక అడాప్టర్లు ఈ పనికి వద్దు.

తర్వాతి కార్డు గురించి. మూడు 1440పీ తెరలకు ఈ రోజు కొనే కొత్త కార్డులో 16 జీబీ మెమరీ ఉండాలనే మేం అంటాం. 8 జీబీవి వద్దే వద్దు. 16 జీబీ ఆర్‌టీఎక్స్ 5070 టీఐ 300 వాట్లు తాగుతుంది, తయారీదారు సూచించే పవర్ సప్లై 750 వాట్లు. రేడియన్ ఆర్‌ఎక్స్ 9070 కూడా 16 జీబీ, 220 వాట్లే, దానికి 650 చాలంటారు. 9070 ఎక్స్‌టీ 304 వాట్లు, 750 కావాలి. మీ 550 వాట్లది 170 వాట్ల 3060కి సరిపోతోంది గానీ వీటిలో దేనికీ కాదు, ఆ ఖర్చు కూడా లెక్కలో పెట్టుకోండి. కొనేముందు కార్డు వెనక పోర్టులు లెక్కపెట్టండి. ఆర్‌ఎక్స్ 9060 ఎక్స్‌టీ కార్డులు చాలావాటిలో రెండే డిస్‌ప్లేపోర్టులు, ఒక హెచ్‌డీఎంఐ ఉంటాయి, మూడో తెర దగ్గర చిక్కుకుంటారు. ఏఎండీ వైపు వెళితే మూడు తెరలు కలిపే సదుపాయం పేరు ఐఫినిటీ, ఏఎండీ సాఫ్ట్‌వేర్ ఆడ్రినలిన్ డిస్‌ప్లే సెట్టింగుల్లో ఉంటుంది.

కార్డు మార్చినా ఫ్రేములు పెరగలేదంటే అడ్డు ప్రాసెసర్. మీ ఏఎం4 బోర్డు మీదే బయాస్ (బోర్డులోని మూల సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ చేసి, దొరికితే రైజెన్ 7 5800ఎక్స్3డీ వేసుకోవచ్చు. దానిలోని 96 ఎంబీ ఎల్3 క్యాష్ (ప్రాసెసర్‌లోనే ఉండే వేగవంతమైన మెమరీ) రేసింగ్ ఆటలకు బాగా పనికొస్తుంది.

అల్ట్రావైడ్ సంగతి. 49 అంగుళాల 5120 × 1440 తెరలో పిక్సెళ్లు మూడు తెరల్లో సరిగ్గా మూడింట రెండొంతులు. అతుకులు లేవు, సరౌండ్ తలనొప్పి లేదు, ఒకటే కేబుల్. కానీ 60 సెం.మీ. దూరంలో అది నింపేది 90 డిగ్రీలకు కాస్త పైన. పక్కన తలుపు దగ్గరకు వచ్చిన కారు అందులో కనబడదు, మూడు తెరల్లో కనబడుతుంది. మీరు రోజూ ఆడేది రేసింగ్ కాబట్టి మూడు తెరలే సరి. ఆడేవి ఎక్కువగా షూటర్లు, కథా ఆటలు అయ్యుంటే మేం అల్ట్రావైడే చెప్పేవాళ్లం, ఆ ఆటల్లో చాలావాటిలో మూడు కెమెరాల ఏర్పాటు ఉండదు. వాలరెంట్‌కైతే రెండూ దండగే. అందులో చూపు 103 డిగ్రీల దగ్గర స్థిరంగా ఉంటుంది, వెడల్పు తెర ఇచ్చినా ఎక్కువ చూపించదు. అది ఆడేటప్పుడు సరౌండ్ ఆపేసి మధ్య తెర మీదే ఆడండి. ఆన్, ఆఫ్‌కు కీబోర్డు షార్ట్‌కట్ పెట్టుకోవచ్చు.

అమర్చాక ఎదురయ్యేవి రెండు మూడు ఉన్నాయి. ఒక మానిటర్ నిద్రలోకి వెళ్లి లేచాక సరౌండ్ విడిపోతుంటే, మానిటర్ మెనూలో డీప్ స్లీప్, ఆటో ఇన్‌పుట్ ఎంపికలు ఆపేయండి. డిస్‌ప్లేపోర్ట్ మానిటర్ పూర్తిగా ఆగితే కేబుల్ పీకేసినట్టే విండోస్‌కు అర్థమవుతుంది. ఒక్క తెరే అప్పుడప్పుడు క్షణం నల్లబడుతుంటే దాని కేబుల్‌ను పక్కదానితో మార్చి చూడండి. సమస్య కేబుల్ వెంట వెళితే తప్పు కేబుల్‌దే. ఆట ఏమీ నడవకపోయినా కార్డు ఫ్యాన్లు తిరుగుతుంటే, డెస్క్‌టాప్ మీద మూడు ఆట తెరలనూ 120 హెర్ట్జ్‌కు తగ్గించి చూడండి. తెరల టైమింగులు కలవనప్పుడు కార్డు తన మెమరీ వేగాన్ని దించుకునే సందు దొరకక ఎప్పుడూ పైవేగంలోనే ఉండిపోతుంది, కరెంటు ఖర్చవుతుంది. నాలుగో తెరగా పెట్టే మీ పాత 60 హెర్ట్జ్ మానిటర్ వల్ల కూడా ఇది రావచ్చు. అలా అనిపిస్తే దాని కేబుల్ కాసేపు తీసి, ఫ్యాన్లు ఆగుతాయేమో గమనించండి.